పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మిత్రదేశాల మేలమాటలు

ప్రశ్న: అమెరికా విమానవాహక నౌక ఒకటి చీకట్లో ఎదురుగా కనిపించిన దీపాన్ని దారి తప్పుకోమని హెచ్చరిస్తుంది. మీరే తప్పుకోండని అవతలివారంటారు. తన నౌక ఎంత పెద్దదో కెప్టెన్ గొప్పగా చెప్పుకున్నాక, “మాది లైట్‌హౌస్, ఇక మీ ఇష్టం” అని జవాబు వస్తుంది. వాట్సాప్‌లో తిరిగే ఈ కథ నిజమేనా? మిత్రదేశాల సైనికులు ఇలా ఎద్దేవా చేసుకుంటే స్నేహం చెడదా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదు. ఇది 1995 అక్టోబరు నాటి రేడియో సంభాషణ అని ప్రచారమైంది గాని, అమెరికా నౌకాదళమే దీన్ని కట్టుకథగా తేల్చింది. పైగా ఇటువంటి హాస్యం అంతకు దశాబ్దాల ముందునుంచే పత్రికల్లో ఉంది. ఒకరు చెప్పేటప్పుడు లైట్‌హౌస్ కెనడాది, మరొకరు చెప్పేటప్పుడు స్పెయిన్‌ది. మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభానికి ఆ వేషం ఇంకా దక్కినట్టు లేదు. కెనడా, స్పెయిన్ రెండూ నాటోలో అమెరికాకు మిత్రదేశాలే కాబట్టి, ఇది పెద్దన్న పెత్తనం మీద తమ్ముళ్లకున్న ఉక్రోషమే తప్ప వైరం కాదు.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు బ్రిటన్‌లో దిగినప్పుడూ ఇదే జరిగింది. వారి జీతాలు బ్రిటిష్ సిపాయిల జీతాలకంటే చాలా ఎక్కువ కావడంతో, “వీళ్లకు జీతమూ ఎక్కువే, సరసమూ ఎక్కువే, పైగా మకాం మా ఊళ్లోనే” అని స్థానికులు సణిగేవారు. “మీకు జీతమూ తక్కువే, సరసమూ తక్కువే, పైగా మీ నెత్తిన ఐసెన్‌హోవర్” అని అమెరికన్లు తిప్పికొట్టేవారు. ఉమ్మడి సేనలకు సర్వసేనాని అమెరికా జనరల్ కావడమే అందులోని చురక. సేన పెద్దలు దీన్ని ముందే ఊహించారో ఏమో, 1942లో అమెరికా యుద్ధశాఖ తన సైనికులకు పంచిన చిన్న పుస్తకంలో, బ్రిటిష్‌వారికి మంచి కాఫీ కాయడం రాదు, మీకు మంచి టీ కాయడం రాదు, లెక్క సరిపోయింది అని రాయించారు. నా దృష్టిలో సైనిక హాస్యానికి ఇంతకంటే చక్కని నమూనా లేదు.

కెనడా, డెన్మార్క్ అయితే ఏకంగా భూవివాదాన్నే వేడుకగా మార్చుకున్నాయి. గ్రీన్‌లాండ్ పక్కనున్న హాన్స్ ద్వీపం దాదాపు 1.3 చదరపు కిలోమీటర్ల బండ. 1973 సరిహద్దు ఒప్పందం దాన్ని తేల్చకుండా వదిలేసింది. 1984 నుంచి ఒక దేశంవారు వెళ్లి అవతలివారి జెండా దించి తమ జెండా పాతడం, పక్కన ఒక సీసా వదిలి రావడం ఆనవాయితీ అయింది. కెనడావారు విస్కీ పెడితే డేన్‌లు ష్నాప్స్ పెట్టేవారు. 2022 జూన్‌లో ద్వీపాన్ని రెండుగా పంచుకున్నారు.

అయితే, సైనికుల మెస్‌లో చెల్లే మాట అధికార వేదిక మీద చెల్లదు. బ్రిటన్ చేతిలో ఫ్రాన్స్ ఓడిన ట్రఫాల్గర్ యుద్ధానికి 200 ఏళ్లు నిండిన సందర్భంగా 2005 జూన్‌లో బ్రిటన్ పోర్ట్స్‌మత్ వద్ద జరిపిన నౌకా సమీక్షకు (ఫ్లీట్ రివ్యూ) ఫ్రాన్స్ తన విమానవాహక నౌక షార్ల్ ద గాల్‌ను పంపింది. అతిథి ఎదుటే అతని ఓటమిని అభినయించడం బాగుండదని, నాటి పోరును ఇంగ్లీషు, ఫ్రెంచి అనకుండా ఎర్ర దళం, నీలి దళం అనే పేర్లతో ప్రదర్శించారు. అది అతి మర్యాద అని ఎగతాళి చేసిన బ్రిటిష్‌వారూ లేకపోలేదు. నేను మాత్రం నిర్వాహకుల పక్షమే. వాటర్లూలో ఫ్రెంచివారితో పోరాడి కుడిచేయి పోగొట్టుకున్న బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లన్, నాలుగు దశాబ్దాల తరువాత క్రిమియాలో ఫ్రెంచివారితో కలిసి రష్యాపై పోరాడుతూ కూడా, అలవాటు కొద్దీ శత్రువును “ఫ్రెంచివారు” అనేవాడట. పక్కనే కూర్చున్న ఫ్రెంచి అధికారుల ముఖాలు ఊహించుకోండి.

ప్రశ్న: బ్రిటన్, ఫ్రాన్స్ నౌకలు మన విశాఖ ముందే యుద్ధం చేశాయని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: నిజమే. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి, విశాఖ ముందు లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్‌పై దాడి చేశాడు. ఆ సమయానికి దాని కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. పోరు సాగుతుండగా నౌక చేరుకున్నాడు. అక్కడున్న రెండు వర్తక ఓడల్లో ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారికి చిక్కింది; బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా లొంగలేదు, లినోయి దాన్ని వదిలి వెళ్లిపోయాడు. ఆ తరువాత లిండ్‌కు నైట్ బిరుదు లభించింది, తనకంటే ఎంతో బలహీనమైన శత్రువును వదిలిపెట్టాడని లినోయికి నిందలు మిగిలాయి. ఓడ దక్కిందని ఒకరు, నౌక నిలిచిందని ఇంకొకరు గెలుపును తమ ఖాతాలో వేసుకోవచ్చు గనుక, ఫ్లీట్ రివ్యూకు ఎప్పుడైనా విశాఖ వచ్చే ఆ రెండు దేశాల నావికులకు దెప్పుకోవడానికి ఇంతకంటే అనువైన విషయం ఈ తీరంలో దొరకదు.