బోల్టు బిగించేముందు ఇది చదువుకో అమ్మడూ

చిరంజీవి అమ్మడుకి, చీపురుపల్లి నుంచి మావయ్య దీవించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు సెకండ్ హ్యాండు స్ప్లెండరు కొన్నాది. సర్వీసింగు కూడా ఇంటికాడ తనే సేసుకుంటాదట. ఏటి సెప్తావో సెప్పు" అంది. వద్దని చెప్పమన్నట్టుంది ఆ గొంతు. నేను వద్దనను. మన ఇంట్లో ఒక ఆడపిల్ల స్పానర్ పడతానందని విన్నాక ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నిద్ర మాత్రం పట్టలేదు. టెక్కలి నుంచి నౌపడకి రోజూ ఉప్పుగాలిలో తిరిగే బండి, నీ వేళ్ళు, నీ చున్నీ అన్నీ కళ్ళ ముందు ఆడాయి. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అనేసి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు నా భయం చెప్పేస్తాను. ఇంజన్ ఆడుతుండగా చైను ముట్టుకోవద్దు. సెంటర్ స్టాండ్ వేసి, ఫస్ట్ గేరులో పెట్టి, చక్రం దానంతటదే తిరుగుతుంటే గుడ్డతో చైను తుడిచేవాళ్ళని చూసే ఉంటావు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ గుడ్డ పోగు ఒక్కటి లింకులో చిక్కుకుందంటే గుడ్డతో పాటు వేలు కూడా స్ప్రాకెట్ మీదికి, అంటే చైను ఎక్కి తిరిగే చక్రం పళ్ళ మీదికి పోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునే టైము ఉండదు తల్లీ. తాళం తీసి దగ్గర పెట్టుకో, న్యూట్రల్‌లో పెట్టు, చక్రాన్ని చేత్తో తిప్పు. అప్పుడు కూడా చైను పళ్ళ మీదికి ఎక్కే చోట వేలు పెట్టకు, కింది వరస మధ్యలోనే బ్రష్షు ఆడించు. చున్నీ లోపల పెట్టి రా. జడ ముడేసుకో. గాజులు తీసెయ్, బ్యాటరీ దగ్గర లోహం గాజు తగిలితే నిప్పురవ్వలే. మూసేసిన వసారాలో ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచకు, ఆ పొగ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక ఆయిలు. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో మనకు తెలీదు కాబట్టి ఇప్పుడే మార్చెయ్. 10డబ్ల్యూ-30 గ్రేడు కావాలి, డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉండాలి. గేర్లు లేని స్కూటర్లకి వేసే 'ఎంబీ' రకం వద్దు, కారు ఆయిలు అసలే వద్దు. నీ బండిలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. జారుడు ఎక్కువున్న ఆయిలు పోస్తే ప్లేట్లు పట్టు తప్పుతాయి, ఇంజన్ అరుస్తుంది గానీ బండి లాగదు. ఇంజన్ మూడు నాలుగు నిమిషాలు వేడిచేసి ఆపు, ఆయిలు పలచబడి మడ్డితో సహా దిగుతుంది. చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత బేసిన్ పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పు.

ఇక్కడ ఆగు. దీని గురించే అసలు ఈ ఉత్తరం.

మీ ఇంటి అరుగు ముందు, మీ నాన్న పాత బండి కింద ఎప్పుడూ ఒక అట్టముక్క ఉండేది, గుర్తుందా? దాని మీద పడ్డ నల్ల చుక్కలు నువ్వు లెక్కపెట్టేదానివి. ఆ చుక్క నా చేతి తప్పు. బావ ఏనాడూ నన్నొక మాట అనలేదు, అట్టముక్క మార్చుకునేవాడు అంతే. ఆ తప్పు ఎలా జరుగుతుందో విడమరిచి చెబుతాను, విను.

డ్రెయిన్ బోల్టు తల నేల వైపు చూస్తుంటుంది. నువ్వేమో పైనుంచి వంగి చూస్తావు. గడియారం ముల్లుకి ఎదురు తిప్పితే ఊడుతుందన్న లెక్క బోల్టు తలకి ఎదురుగా ఉన్నవాళ్ళకే. పైనుంచి చూసేవాళ్ళకి అది తలకిందులవుతుంది. ఊడదీస్తున్నాననుకుని బిగించేస్తాం. రాలేదు కదా అని స్పానర్‌కి పైపు తొడిగి ఇంకా బలంగా తిప్పుతాం. బోల్టు ఉక్కు, అది కూర్చునే ఇంజన్ కేసు అల్యూమినియం. రెండూ పంతం పడితే ఓడేది అల్యూమినియమే. బిగుస్తూ బిగుస్తూ వచ్చిన స్పానర్ ఒక్కసారి మెత్తబడి తేలిగ్గా తిరుగుతుంది. అదీ థ్రెడ్, అంటే లోపలి మర, పోయిన క్షణం. తీసి చూస్తే బోల్టు మర గీతల మధ్య తళతళలాడే వెండి తీగ చుట్టుకుని ఉంటుంది. ఆ తీగ ఇంజన్ కేసు లోపలి మర.

కాబట్టి తల బండి కిందికి వంచి, బోల్టు తల నీ కళ్ళకి ఎదురుగా కనబడేలా చూసుకుని అప్పుడే తిప్పు. 17 నంబరు రింగు స్పానర్ వాడు. నోరు తెరిచి ఉండే డబల్ ఎండ్ స్పానర్ అయితే జారి మూలలు కొట్టేస్తుంది.

ఆయిలు దిగిపోయాక, తాళం ఆఫ్‌లోనే ఉంచి నాలుగైదు కిక్కులు కొట్టు, మిగిలింది కూడా వస్తుంది. బోల్టు తుడిచి కొత్త వాషర్ వెయ్యి. పాత వాషర్ ఒకసారి నలిగి పల్చబడింది, అది మళ్ళీ నలగదు. ఆయిలు కారుతోందని జనం బోల్టుని ఇంకా ఇంకా బిగించేది ఆ వాషర్ వల్లే. తర్వాత స్పానర్ ముట్టుకోకుండా వేళ్ళతోనే బోల్టు మొత్తం ఎక్కించు. మొదట ఊడదీసే వైపుకి తిప్పు, ఒక చోట 'టిక్' మని కిందికి దిగినట్టు తెలుస్తుంది. అక్కణ్ణుంచి బిగించే వైపుకి తిప్పితే మర మీద మర సరిగ్గా కూర్చుంటుంది. రెండు చుట్లలోపే వేళ్ళకి గట్టిగా తగిలితే అడ్డం ఎక్కుతోందని అర్థం, విప్పి మళ్ళీ మొదలుపెట్టు.

చివరి బిగింపు ఎంత? ఈ రకం బోల్టుకి సుమారు 25 న్యూటన్ మీటర్లు. అంకె చెబితే నీ చేతికి తెలీదు కాబట్టి ఇలా చెయ్. బోల్టు నుంచి జానెడు దూరంలో, అంటే 22 సెంటీమీటర్ల దగ్గర, స్పానర్‌కి లగేజీ తూచే చేతి కాటా కొక్కెం తగిలించి, స్పానర్‌కి అడ్డంగా, రెండూ కలిసి ఎల్ అక్షరంలా ఉండేలా లాగు. కాటా 11 కిలోలు చూపగానే ఆపు. పైపు తొడిగి దూరం రెట్టింపు చేశావంటే అదే లాగుడు రెట్టింపు దెబ్బ అవుతుంది. నాలుగైదుసార్లు కాటాతో చేశాక చెయ్యే నేర్చుకుంటుంది.

ఒకవేళ థ్రెడ్ పోతే దాచకు, నాకు చెప్పు. టేపు చుట్టి, ముద్ద పూసి తిరగకు. అది వేడికీ అదురుకీ ఊడిపోతుంది, ఆయిలు నేరుగా వెనక టైరు మీద పడుతుంది. లేత్ షాపులో కొత్త మర వేయిస్తే బండి మళ్ళీ మామూలే.

కొత్త ఆయిలు ఒకేసారి పోసెయ్యకు. ముందు 700 మిల్లీలీటర్లు పోసి రెండు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపు. రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్, అంటే ఆయిలు మట్టం చూసే పుల్ల, తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడు. రెండు గీతల మధ్య పైగీతకి దగ్గర వచ్చేదాకా కొంచెం కొంచెంగా కలుపు. పైగీత దాటనివ్వకు. కింద బోల్టు చుట్టూ తెల్ల కాగితం ఒత్తి చూడు, తడి అంటకూడదు. తీసిన ఆయిలు క్యానులో పట్టి ఏదైనా మెకానిక్ షాపులో ఇచ్చెయ్, కాలువలో పొయ్యకు.

చైను కూడా ఇదే గోల, ఎక్కువ బిగిస్తేనే ముప్పు. వదులుగా ఉంటే చప్పుడు చేసి చెబుతుంది. బిగువుగా ఉంటే ఏమీ చెప్పకుండా లోపల బేరింగు తినేస్తుంది. నీ బండి చైను కవరు కింద గుండ్రటి రబ్బరు మూత ఉంటుంది. అది తీసి వేలితో చైనుని పైకీ కిందికీ ఆడించు. 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, నీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. ఆ వదులు ఎందుకంటే, స్టాండు మీద వెనక చక్రం వేలాడుతూ ఉంటుంది. ఇద్దరు ఎక్కితే చక్రం పైకి లేచి, చైను దానంతటదే బిగుస్తుంది. స్టాండు మీదే బిగువుగా పెట్టావంటే, అమ్మని ఎక్కించుకుని గోతిలో పడ్డప్పుడు దానికి సాగే చోటుండదు. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడు, ఎక్కడ ఎక్కువ బిగువుందో అక్కడే కొలత తీసుకో. వెనక చక్రానికి రెండు వైపులా, చైను సవరించే అడ్జస్టర్ గుర్తులు ఒకే గీత దగ్గర ఉండాలి. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు బిగించాక మళ్ళీ కొలువు, బిగింపులో కొలత మారుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు: చక్రం వెనక్కి జరిగితే వెనక బ్రేకు రాడ్ కూడా లాగుకుంటుంది. చక్రం చేత్తో తిప్పి చూడు, బ్రేకు పట్టుకుంటే రాడ్ నట్టు వదులు చెయ్.

చైను కడగడానికి కిరసనాయిలు గానీ డీజిలు గానీ వాడు, పెట్రోలు మాత్రం వద్దు. తుడిచి ఆరాక 90 నంబరు గేరు ఆయిలు లింకుల మధ్య చుక్కలుగా వేసి, మిగిలింది తుడిచెయ్. మామూలుగా 500 కిలోమీటర్లకోసారి. నౌపడ ఉప్పుమళ్ళ గాలికి మాత్రం రెండు వారాలకోసారి మూత తీసి చూడు, లింకుల మీద ఎర్రపొడి కనిపిస్తే కిలోమీటర్లు లెక్కపెట్టకు.

మిగతావి చిన్నవి. క్లచ్ లివర్ చివర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్లు వదులుండాలి. స్పార్క్ ప్లగ్గు ఇంజన్ చల్లారాకే తియ్యి. కొత్తదైతే వేళ్ళతో కూర్చున్నాక స్పానర్‌తో అర చుట్టు బిగించు, పాతదైతే ఎనిమిదో వంతు, అంతే. టైర్లలో గాలి ముందు 25 పీఎస్ఐ, ఒక్కదానివే అయితే వెనక 28. నూనె పట్టిన కాగితం రకం ఎయిర్ ఫిల్టరు ఊదొద్దు, కడగొద్దు, మార్చడమే. బ్రేకు షూలు మాత్రం నువ్వు విప్పకు, బండి చీపురుపల్లి తీసుకురా. నా పక్కన కూర్చుని నేర్చుకుందువు గాని.

ఆర్టీసీ కార్గోలో సంచి పంపుతున్నాను. రింగు స్పానర్లు, ప్లగ్ స్పానర్, నాలుగు వాషర్లు, గరాటు, చేతి కాటా ఉన్నాయి. 17 నంబరు స్పానర్‌కి జానెడు దూరంలో ఎర్ర టేపు చుట్టాను, కొక్కెం అక్కడే తగిలించు. మొదటిసారి పని ఆదివారం పొద్దున్న పెట్టుకో. బోల్టు వేళ్ళతో ఎక్కించాక, స్పానర్ పట్టేముందు నాకు వీడియో కాల్ చెయ్. ఫోను దగ్గరే పెట్టుకుంటాను.

మీ మావయ్య