మళ్లీ చెప్పమంటున్నారా? గ్రామర్ పుస్తకం పక్కన పెట్టు

రాజాం నుంచి కొత్తగా డల్లాస్ వచ్చిన తమ్ముడి ప్రశ్న: "అన్నా, ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇక్కడ నేనేటి చెప్పినా 'మళ్లీ చెప్పండి' అంటున్నారు. గ్రామర్ మొదటి నుంచి చదవాలా?"

వద్దు తమ్ముడూ. 'డిడ్ యూ వెంట్' అన్నా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. 'డిడ్' వస్తే 'గో' అనాలి, అంతే. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి 'ఎ', 'ది' మనకు ఆలస్యంగానే పట్టుబడతాయి. వాటివల్ల పని ఆగదు. పని ఆగేది ఉచ్చారణ దగ్గర.

చిన్న కాగితం ముక్క పెదాలకు ఎదురుగా పట్టుకుని 'పెన్' అను. కాగితం కదలదు. ఇక్కడివాళ్లు అంటే కదులుతుంది. మాట మొదట్లో పీ, టీ, కే వస్తే వాళ్లు గాలి గట్టిగా వదులుతారు. మనం వదలం. అందుకే మన 'ప్యాక్' వాళ్ల చెవికి 'బ్యాక్'లా తగులుతుంది. కాగితం కదిలేదాకా అంటూ ఉండు, వారంలో తేడా తెలుస్తుంది. ముందు ఎస్ ఉంటే మాత్రం ఆ గాలి అక్కర్లేదు. 'స్పూన్', 'స్టోర్' మనం అన్నట్టే అనొచ్చు.

ఇంకోటి, మాటలో బరువు. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే ఒత్తుతో పలుకుతాం. ఇంగ్లీషులో ఒకచోట నొక్కి, మిగతావి తేల్చేస్తారు. 'హోటల్'లో 'టెల్' మీద, 'డెవలప్'లో 'వె' మీద బరువు పడాలి. అది తప్పితే అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా మాట అందదు. కొత్త మాట నేర్చుకున్నప్పుడల్లా డిక్షనరీ యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, బరువెక్కడుందో విను. 'ఇయర్' అని చెవినీ సంవత్సరాన్నీ ఒకేలా పలకడం, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనడం కూడా మన అలవాట్లే. నెమ్మదిగా సర్దుకోవచ్చు.

శ్రీకాకుళం యాస అని విశాఖలో, హైదరాబాద్‌లో వెక్కిరించినవాళ్లుంటారు. ఆ బెరుకు ఇక్కడికి మోసుకురావద్దు. యాస పోనక్కర్లేదు, మాట అందితే చాలు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాష నేర్చుకునేనాటికి చూసి చదవడానికి పుస్తకమే లేదు. సవరల నోట విని నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో, అంటే ఎన్నో ఏళ్ల తర్వాత అచ్చయ్యాయి. నువ్వూ చెవితోనే మొదలుపెట్టు.

రోజూ ఒక్క నిమిషం ఆడియో తీసుకో. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో వాక్యం ఆపి, అదే వేగంతో అను. ఫోన్‌లో రికార్డు చేసి రెండూ పక్కపక్కన విను. ఆ ఒక్క నిమిషాన్నే వారమంతా చెయ్యి. రోజుకో కొత్త వీడియో చూడటంకన్నా ఇదే మేలు. చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల్లో కొత్తగా వచ్చినవాళ్లకు ఉచిత సంభాషణ తరగతులుంటాయి, అడుగు. మెక్సికో, వియత్నాం వాళ్లతో కూర్చుంటే తెలుగులోకి జారే వీలుండదు, అదే కావలసింది.

బ్యాంకుకి ఫోన్ చేసేముందు నీ ఇంటిపేరు స్పెల్లింగ్ కాగితం మీద రాసుకుని, ఒక్కో అక్షరం పక్కన ఒక మాట పెట్టుకో. పీకి పీటర్, బీకి బాయ్, వీకి విక్టర్, డీకి డేవిడ్. ఫోన్‌లో ఎక్కువ తికమక పడేది ఈ నాలుగు దగ్గరే.