ర్యామ్ 64 జీబీకి పెంచాం, స్వాప్ కూడా 128 జీబీ చేయాలా?

అక్కర్లేదు. మీ లినక్స్ సర్వర్‌లో 16 జీబీ ర్యామ్‌కి 32 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) ఉండేది, ఇప్పుడు ర్యామ్ 64 అయింది కాబట్టి రెట్టింపు లెక్కన 128 పెట్టాలా అన్నది మీ ప్రశ్న. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, దాని పక్కనే ఒక జావా అప్లికేషన్ నడుస్తున్నాయని కూడా చెప్పారు. నేనైతే 8 జీబీ పెట్టి వారం పది రోజులు గమనిస్తాను. ఉన్న 32ని కదపకపోయినా ఇవాళే కొంప మునగదు. కానీ తగ్గించడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఆ రెట్టింపు లెక్క ర్యామ్ మెగాబైట్లలో ఉన్న రోజులది. 64 ఎంబీ మెషీన్‌లో ప్రోగ్రాములు పట్టక నిజంగానే డిస్క్ మీద నడవాల్సి వచ్చేది. లినక్స్ 2.4 కెర్నెల్ (మెమరీని పంచే సిస్టమ్ మూల భాగం) మొదటి విడతల్లో ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. స్వాప్‌లోంచి ర్యామ్‌లోకి తిరిగొచ్చిన పేజీ (మెమరీలో ఒక చిన్న ముక్క) తాలూకు చోటు స్వాప్‌లో వెంటనే ఖాళీ అయ్యేది కాదు, అందుకే అప్పట్లో రెట్టింపు పెట్టమనేవారు. ఆ కారణం పోయి చాలా ఏళ్లయింది. రెడ్ హ్యాట్ వాళ్ల సూచన కూడా 2 జీబీ లోపు ర్యామ్‌కే రెట్టింపు అంటుంది. 2 నుంచి 8 వరకు ర్యామ్ ఎంతో అంత, 8 నుంచి 64 వరకు కనీసం 4 జీబీ.

పెద్ద స్వాప్ వల్ల వచ్చే నష్టం నేను దగ్గరగా చూశాను. ఇదివరకు పనిచేసిన చోట ఒక సర్వర్‌కి 32 జీబీ ర్యామ్, తిరిగే డిస్కుల మీద 64 జీబీ స్వాప్ ఉండేవి. అందులో ఒక జావా ప్రాసెస్ మెమరీ లీక్ అయ్యేది, అంటే తీసుకున్న మెమరీని తిరిగి వదిలేది కాదు. లీక్ హీప్ (జావా తన డేటా పెట్టుకునే మెమరీ) బయట కావడంతో, హీప్‌కి మాత్రమే పెట్టే ఎక్స్ఎంఎక్స్ పరిమితి దాన్ని ఆపలేదు. స్వాప్‌లో చోటు ఉన్నంతసేపు కెర్నెల్ పేజీలను అటు తోస్తూనే ఉంది. ప్రాసెస్ చావలేదు, పోర్ట్ తెరిచే ఉంది, మానిటరింగ్ పచ్చగానే చూపించింది. యూజర్లకు మాత్రం వెబ్ పేజీ రావడం లేదు. లాగిన్ అవుదామంటే పేరు కొట్టాక పాస్‌వర్డ్ అడగడానికే నిమిషాలు పట్టింది. ఎలాగో మెమరీ వాడకం చూపే వీఎంస్టాట్ కమాండ్ నడిపితే ఎస్ఐ (స్వాప్ నుంచి వచ్చేది), ఎస్ఓ (స్వాప్‌లోకి పోయేది) కాలమ్స్ రెండింట్లో వేలల్లో అంకెలు. చివరికి రిమోట్ కన్సోల్ నుంచి రీసెట్ చేయాల్సి వచ్చింది.

ఎందుకంత నెమ్మదో లెక్క వేస్తే తెలుస్తుంది. తిరిగే డిస్క్ సెకనుకి ఓ వంద చోట్ల వెతకగలదు అనుకుందాం. పేజీ సైజు 4 కేబీ. పేజీలు చెల్లాచెదురుగా ఉండి ఒక్కొక్కటీ విడిగా తేవాల్సి వస్తే ఒక్క జీబీ వెనక్కి రావడానికి దాదాపు 44 నిమిషాలు. కెర్నెల్ పక్క పేజీలను కూడా కలిపి చదువుతుంది కాబట్టి నిజానికి కొంత నయం. ఎస్ఎస్‌డీ అయితే ఇంకా చాలా నయం, అయినా ర్యామ్‌కి అది దరిదాపుల్లో ఉండదు. అలాంటప్పుడు 128 జీబీ స్వాప్ ఎవరికి పనికొస్తుంది?

స్వాప్ తగ్గించాక అదే లీక్ మళ్లీ వచ్చింది. ఈసారి ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని ఆపేసే కెర్నెల్ ఏర్పాటు) ఆ ప్రాసెస్‌ని చంపేసింది, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ దాన్ని వెంటనే లేపింది, ఎంత మెమరీ తిన్నదో కెర్నెల్ లాగ్‌లో పడింది. రాత్రి ఫోన్ మోగితే లేచి చూడాల్సిన వాళ్లకి ఈ తేడా చాలా పెద్దది.

మీ విషయంలో ఒక జాగ్రత్త. ఓఓఎం కిల్లర్ సాధారణంగా ఎక్కువ మెమరీ వాడే ప్రాసెస్‌నే ఎంచుకుంటుంది, మీ దగ్గర అది మైఎస్‌క్యూఎలే అవుతుంది. తప్పు చేసేది జావా, చచ్చేది డేటాబేస్. అందుకని మైఎస్‌క్యూఎల్ సర్వీస్ ఫైల్‌లో ఓఓఎంస్కోర్‌అడ్జస్ట్ విలువని మైనస్ 500 లాంటి దానికి దించండి, అప్పుడు కిల్లర్ దాన్ని ఎంచుకునే అవకాశం తగ్గుతుంది.

అలాగని స్వాప్ పూర్తిగా తీసేయకండి. స్వాప్ లేకపోతే ప్రోగ్రాములు ఎప్పుడో వాడి వదిలేసిన డేటా పేజీలను కెర్నెల్ ఎక్కడికీ పంపలేదు. మెమరీ బిగుసుకున్నప్పుడు ఫైల్ క్యాష్‌నీ, చివరికి నడుస్తున్న ప్రోగ్రామ్ కోడ్‌నీ వదిలేసి మళ్లీ మళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది. అదీ నరకమే. కాబట్టి స్వాప్‌లో కొన్ని వందల ఎంబీ వాడకం కనిపిస్తే టెన్షన్ పడకండి. చూడాల్సింది ఎంత నిండిందన్నది కాదు, ఎస్ఐ, ఎస్ఓ ఆగకుండా కదులుతున్నాయా అన్నది. అలర్ట్ కూడా వాటి మీదే పెట్టండి.

అసలు అప్‌గ్రేడ్ తర్వాత ముందు చూడాల్సింది బఫర్ పూల్, అంటే మైఎస్‌క్యూఎల్ తన డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్) బఫర్ పూల్ సైజు పాత విలువ దగ్గరే ఉంటే కొత్త ర్యామ్ డేటాబేస్‌కి సరిగ్గా అక్కరకు రాదు. డేటాబేస్ ఒక్కటే ఉంటే 80 శాతం దాకా ఇస్తారు గానీ, జావా పక్కనే ఉంది కాబట్టి 40 జీబీతో మొదలుపెట్టండి. జావాకి హీప్ కాకుండా పైన ఇంకొంత పడుతుందని గుర్తుంచుకోండి. కెర్నెల్ ఎంత త్వరగా స్వాప్ వైపు మొగ్గాలో చెప్పే స్వాపీనెస్ డిఫాల్ట్ 60 ఉంటుంది, డేటాబేస్ సర్వర్ మీద నేను 10 పెడతాను.

ఈ లెక్క వర్తించని చోట్లు కొన్ని ఉన్నాయి. ఒరాకిల్ డేటాబేస్ పెట్టాలంటే 16 జీబీ దాటిన ర్యామ్‌కి 16 జీబీ స్వాప్ కావాలంటుంది. ప్రోగ్రాములు అడిగిన మెమరీని కెర్నెల్ ఏ మేరకు ఒప్పుకోవాలో చెప్పే ఓవర్‌కమిట్ మెమరీ విలువ 2 అని పెట్టి ఉంటే, ప్రోగ్రాములకు కేటాయించగల మొత్తంలో స్వాప్ కూడా కలుస్తుంది, అప్పుడు తగ్గిస్తే జాగా ఉన్నా కేటాయింపులు ఫెయిల్ అవుతాయి. మీ సర్వర్‌లో అది 0 అయితే ఈ గొడవ లేదు.

తగ్గించేటప్పుడు రద్దీ లేని వేళ చూసుకోండి. స్వాప్‌ని ఆపే స్వాప్‌ఆఫ్ కమాండ్ కొడితే అందులో ఉన్నదంతా ర్యామ్‌లోకి తిరిగొస్తుంది, మీకిప్పుడు చోటుంది. తర్వాత స్వాప్ ఉన్న ఎల్‌వీఎం వాల్యూమ్‌ని (డిస్క్ భాగాన్ని) 8 జీబీకి తగ్గించి, ఎంకేస్వాప్ కమాండ్‌తో దాన్ని మళ్లీ స్వాప్‌గా సిద్ధం చేసి, స్వాప్‌ఆన్‌తో ఆన్ చేయాలి. యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) మారుతుంది కాబట్టి, బూట్‌లో ఏ డిస్కులు వాడాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో అది రాసి ఉంటే సరిచేయండి. గ్రబ్‌లో (బూట్ లోడర్ సెట్టింగుల్లో) రెస్యూమ్ అనే చోట పాత స్వాప్ పేరు లేదా యూయూఐడీ ఉందేమో కూడా చూడండి, ఉంటే బూట్ అక్కడే ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే ఈ మార్పు తర్వాత ఒక రీబూట్ మీరు పక్కన ఉండగానే చేసి చూసుకోండి.