తెర లేని ల్యాప్‌టాప్‌లో టొరెంట్లు, బ్రౌజర్‌లో వాటి అజమాయిషీ

మీరు అడిగింది ఇదీ: పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి ఓ మూలన పెట్టారు, దాని తెర పనిచేయదు. టొరెంట్లు (వాడేవాళ్లు ఒకరి నుంచి ఒకరు ముక్కలుగా దింపుకునే ఫైళ్లు) అందులో నడవాలి, మీరు మాత్రం ఫోన్లోనో మరో కంప్యూటర్లోనో బ్రౌజర్ తెరిచి చూసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, బయటి నుంచి కూడా తెరుచుకునేలా పెట్టుకోవచ్చా అని. కొన్నేళ్లుగా నేనూ ఇలాగే నడుపుతున్నాను. మొదట ట్రాన్స్‌మిషన్ వాడాను, ఇప్పుడు క్యూబిట్‌టొరెంట్. రెండూ టొరెంట్లు దింపే ప్రోగ్రాములే, వీటినే క్లయింట్లంటారు.

ముందు ఒక్క సంగతి. బ్రౌజర్లో కనిపించేది రిమోట్ మాత్రమే, దింపే పనంతా మూలనున్న ఆ ల్యాప్‌టాప్‌దే. ట్యాబ్ మూసేసినా, ఫోన్ ఆపేసినా డౌన్‌లోడ్ ఆగదు. సేవ్ పాత్ అన్నచోట ఇవ్వాల్సింది ఆ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్, మీ చేతిలో ఉన్న దానిలోది కాదు. పూర్తయిన ఫైలు ఫోన్లోకి దానంతటది రాదు కూడా. తెచ్చుకోవడానికి సాంబా షేరో ఎస్‌ఎఫ్‌టీపీయో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే పద్ధతులు) విడిగా పెట్టుకోవాలి. ‘వంద శాతం అయింది, ఫైలేదీ?’ అని అడిగేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ర్యామ్ మరీ తక్కువైతే ట్రాన్స్‌మిషన్ వేసుకోండి, చాలా తేలిక. దాని వెబ్ పేజీ 9091 పోర్టులో ఉంటుంది, అంటే బ్రౌజర్లో ల్యాప్‌టాప్ అడ్రసు పక్కన :9091 అని కొట్టాలి. కాకపోతే దానికో మొండి అలవాటుంది. సర్వీసు (వెనకాల నడుస్తూ ఉండే ఆ ప్రోగ్రామ్) నడుస్తుండగా సెట్టింగ్స్ ఫైలు మారిస్తే, ఆగేటప్పుడు అది మీ మార్పుల మీద తన పాత విలువలే మళ్లీ రాసేస్తుంది. సర్వీసు ఆపి, ఫైలు మార్చి, అప్పుడు మొదలుపెట్టాలి. మీరు మామూలు అక్షరాల్లో పెట్టిన పాస్‌వర్డు తర్వాత చూస్తే మీసాల బ్రాకెట్‌తో మొదలయ్యే పొడుగాటి గజిబిజిలా కనిపిస్తుంది. కంగారు పడకండి, అది హ్యాష్ (పాస్‌వర్డును ఎవరూ చదవలేకుండా మార్చి రాసిన రూపం), పాస్‌వర్డు మారలేదు. వేరే కంప్యూటర్ నుంచి తెరిస్తే 403 (లోపలికి అనుమతి లేదు) వస్తోందంటే ముందుగా సెట్టింగ్స్ ఫైల్లో ఆర్‌పీసీ వైట్‌లిస్ట్ (ఏ అడ్రసుల నుంచి రానివ్వాలో చెప్పే జాబితా) చూడండి. మొదట్లో అందులో 127.0.0.1 లాంటి ఆ ల్యాప్‌టాప్ సొంత అడ్రసే ఉంటుంది, మీ ఇంటి నెట్‌వర్క్ అడ్రసులు కూడా చేర్చాలి.

నా ఓటు మాత్రం క్యూబిట్‌టొరెంట్‌కే. తెర లేని యంత్రాల కోసం నాక్స్ అని వేరే ప్యాకేజీ ఉంది, పోర్టు 8080. కేటగిరీని బట్టి వేర్వేరు ఫోల్డర్లలో పడేలా పెట్టుకోవచ్చు, ఆర్ఎస్ఎస్ ఫీడ్ (సైట్లో కొత్తగా వచ్చినవాటి జాబితా) నుంచి కొత్తవి వాటంతటవే చేరతాయి. పాత గైడ్లలో యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్‌అడ్మిన్ అని ఉంటుంది, అది ఇప్పుడు చెల్లదు. 4.6.1 వెర్షన్ నుంచి తాత్కాలిక పాస్‌వర్డు లాగ్‌లో (ప్రోగ్రామ్ తన పనుల గురించి రాసుకునే చిట్టాలో) వస్తుంది. మీరు సొంతది పెట్టేదాకా స్టార్ట్ చేసిన ప్రతిసారీ కొత్తది వస్తూనే ఉంటుంది, అందుకని లోపలికి వెళ్లగానే మార్చేయండి. ఫోన్ తెర మీద దాని సొంత పేజీ బాగా ఇరుకు. వ్యూటొరెంట్ అనే వేరే పేజీ దించి, ఆల్టర్నేటివ్ వెబ్ యూఐ అన్నచోట ఆ ఫోల్డర్ చూపిస్తే ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇక బయటి నుంచి తెరవడం. రౌటర్‌లో 8080 గానీ 9091 గానీ నేరుగా ఫార్వర్డ్ చేయకండి (అంటే బయటి నుంచి వచ్చేవాళ్లను ఆ పోర్టుకి పంపేలా పెట్టకండి). పోయేవి నాలుగు టొరెంట్లే కదా అనుకుంటాం. కానీ క్యూబిట్‌టొరెంట్‌లో డౌన్‌లోడ్ పూర్తవగానే ఫలానా ప్రోగ్రామ్ నడపమని చెప్పే సెట్టింగ్ ఉంది. పేజీలోకి చొరబడినవాడు అక్కడ తన కమాండ్ రాసుకుంటే మీ యంత్రంలో కమాండ్లు నడిపే అధికారం వాడి చేతికి వచ్చినట్టే. పైగా విడిగా సర్టిఫికెట్ పెట్టుకోకపోతే అదంతా మామూలు హెచ్‌టీటీపీ, దారిలో ఎవరైనా చదవగలిగేది. 2018లో ట్రాన్స్‌మిషన్‌లో గూగుల్ ప్రాజెక్ట్ జీరో బయటపెట్టిన లోపం ఇంకా విచిత్రం: పోర్టు బయటికి తెరవకపోయినా, మీ బ్రౌజర్లో ఓ దుర్మార్గపు పేజీ తెరుచుకుంటే చాలు, డీఎన్ఎస్ రీబైండింగ్ అనే కిటుకుతో అది లోపలి ట్రాన్స్‌మిషన్‌తో మాట్లాడగలిగేది.

దానికి బదులు వైర్‌గార్డ్ గానీ టెయిల్‌స్కేల్ గానీ (మీ పరికరాలను కలిపే వీపీఎన్‌లు) పెట్టుకోండి. బయట ఉన్నా ఇంట్లో ఉన్నట్టే పేజీ తెరుచుకుంటుంది, లోకానికి కనబడదు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (రిమోట్ లాగిన్ గుండా వేసుకునే రహస్య దారి) అయినా సరే. ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని ముందు పెట్టి, దాని గుండా పేజీ తెరుస్తాననే పట్టుదల ఉంటే క్యూబిట్‌టొరెంట్ సెట్టింగుల్లో ఒకటి చూసుకోండి: ‘లోకల్‌హోస్ట్ (అదే యంత్రం) నుంచి వచ్చేవారికి పాస్‌వర్డు అక్కర్లేదు’ అనే టిక్ ఉంటుంది. ఎన్‌జిన్ఎక్స్ అదే యంత్రంలో ఉంటే, క్యూబిట్‌టొరెంట్ కంటికి వచ్చిన ప్రతివాడూ లోకల్‌హోస్ట్ వాడే. ఆ టిక్ తీసేయండి.

ఫార్వర్డ్ చేయాల్సిన పోర్టు వేరే ఉంది, తోటి పీర్లు (అదే టొరెంట్ పంచుకునే మిగతావాళ్లు) వచ్చి కలిసేది. ట్రాన్స్‌మిషన్‌లో మామూలుగా 51413. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపున్న అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతోందంటే మీరు సీజీన్యాట్ (ఒకే బయటి అడ్రసును ఇంటర్నెట్ కంపెనీ చాలామందికి పంచే పద్ధతి) వెనక ఉన్నట్టు, ఫార్వర్డ్ చేసినా ఫలితం ఉండదు. డౌన్‌లోడ్లు అవుతాయి, ఎందుకంటే మీ వైపు నుంచి బయటికి కలవడానికి అడ్డు లేదు. ఇద్దరు ముగ్గురు సీడర్లే (పూర్తి ఫైలు ఉంచుకుని పంచేవాళ్లే) ఉన్న టొరెంట్లతోనే తంటా, వాళ్లూ మీలాగే మూసి ఉంటే కలిసే దారి దొరక్కపోవచ్చు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ వాడతారా? అయితే ఇది గుర్తుంచుకోండి. ఓసారి కరెంటు పోయి వచ్చాక నా యంత్రంలో డిస్క్ మౌంట్ కాకముందే (దాని ఫోల్డర్‌కి తగులుకోకముందే) క్లయింట్ లేచింది. అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ కనిపించేసరికి లోపలి డిస్క్‌లోనే రాసుకుంటూ పోయింది. బ్రౌజర్లో చూస్తే అన్నీ సజావుగానే ఉన్నాయి. లోపలి డిస్క్ నిండి లాగిన్ కూడా మొరాయించాక తెలిసింది అసలు సంగతి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టేది) సర్వీసు ఫైల్లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే వరుస చేర్చి డిస్క్ దారి ఇస్తే, డిస్క్ రాకుండా క్లయింట్ లేవదు. ఇప్పటికే జరిగి ఉంటే క్లయింట్ ఆపి, పొరపాటున పడ్డ ఫైళ్లు తీసేసి, డిస్క్ మౌంట్ చేసి, క్లయింట్ మళ్లీ మొదలుపెట్టి, ఫోర్స్ రీచెక్ నొక్కండి. ఉన్న ముక్కలు లెక్కలోకి వస్తాయి, లేనివే మళ్లీ దిగుతాయి.

అప్‌లోడ్‌కి కాస్త పరిమితి పెట్టండి, లేకపోతే ఇంట్లో వీడియో కాల్స్ తడబడతాయి. అన్నీ అయ్యాక మొదట డెబియన్ ఐఎస్ఓ టొరెంట్ వేసి చూడండి. దానికి సీడర్ల కొరత ఉండదు. అదీ నత్తనడక నడుస్తోందంటే చూడాల్సింది టొరెంట్‌ని కాదు, మీ సెట్టింగులనీ వైఫైనీ.