ఇంటి ముచ్చట్లు: ఉసిళ్ళు వచ్చిపోయాయి, ఇంక భయం లేదా?

మృగశిర కార్తె వచ్చిందంటే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో ఆవకాయ పోయి పురుగులొస్తాయి. ఈసారి కూడా అంతే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి నాలుగింటికే జవాబులు.

ప్రశ్న: అక్కా, మొన్న మొదటి వాన పడిన రాత్రి ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్ళు ముసిరేశాయి, లైట్లన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చున్నాం, పొద్దున్న చూస్తే చేటెడు రెక్కలు. అవి చెదపురుగులే, మందు కొట్టించమని మా అత్తగారు, ఏటా వచ్చేవే కదా అని మా ఆయన. ఎవరి మాట వినాలి?
– తణుకు నుంచి ఓ పాఠకురాలు

జవాబు: రెక్కలు చేటెడు అని చెప్పావు గానీ ఎక్కడ పడున్నాయో చెప్పలేదు, అసలు సంగతంతా అక్కడే ఉందమ్మా. మీ అత్తగారన్నది నిజమే, ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులే, వాన పడి నేల మెత్తబడగానే కొత్త పుట్టలు పెట్టుకోడానికి బయటికొస్తాయి. లైటు కింద, కిటికీ దగ్గరా రెక్కలుంటే బయట పొలం గట్టు నుంచో చెట్టు మొదట్లోంచో వెలుతురుకి వచ్చినవే, వాటిల్లో చాలావరకు బల్లులకీ కోళ్ళకీ పోతాయి, అలాగైతే మీ ఆయన మాటే రైటు. అలా కాకుండా గుమ్మం మూలలోంచో గోడ పగులులోంచో బిలబిలా బయటికి రావడం మీరు చూసినా, రెక్కలన్నీ ద్వారబంధం మొదట్లోనే కుప్పపడున్నా, పుట్ట మీ ఇంటి కిందే ఉందన్నమాట. ఉసిళ్ళని పుట్టించే స్థితికి రావాలంటే పుట్టకి కొన్నేళ్ళు పడుతుంది కాబట్టి అది నిన్నా మొన్నా వచ్చింది కాదు.

స్క్రూడ్రైవర్ వెనకవైపుతో ద్వారబంధాన్ని కింద నుంచి పైకి కొట్టుకుంటూ వెళ్ళండి, డొల్లగా మోగిన చోట అనుమానించండి. గోడ మీద పెన్సిల్ మందాన మట్టి గొట్టం కనిపిస్తే మొత్తం గీకెయ్యకుండా మధ్యలో వేలెడు ముక్క విరిచి వదిలెయ్యండి. రెండు మూడు రోజులకి ఆ ఖాళీ మళ్ళీ తడిమట్టితో పూడిపోయిందంటే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. మా ఇంట్లో తాతగారి పంచాంగాల కట్ట బీరువా అడుగున ఉండేది, పైన అట్ట చెక్కు చెదరలేదు, తీద్దామని పట్టుకుంటే చేతిలోకి మట్టి వచ్చింది. అందుకే బీరువా గోడకి ఆనించకుండా బెత్తెడు జాగా వదలమని అందరికీ చెప్తుంటా.

కిరోసిన్ పొయ్యడం మాత్రం వద్దు, పైకి కనిపించే నాలుగూ చస్తాయి, నేలలో ఉన్న రాణికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గోడకీ నేలకీ మధ్య మూలలో అడుగుకొకటి చొప్పున డ్రిల్‌తో బెజ్జాలు పెట్టి మందు పంపి మూసెయ్యాలి, కట్టేసిన ఇళ్ళకి ఇదెలా చెయ్యాలో చెద నివారణకున్న భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది, వచ్చినవాళ్ళని ఆ ప్రకారం చేస్తారా అని అడగండి. ఇంటి దగ్గర బావి గానీ బోరు గానీ ఉంటే మందు కలపకముందే చెప్పండి.

ప్రశ్న: అక్కా, 25 కిలోల బియ్యం సంచి తెచ్చి నెల కాలే, అప్పుడే పురుగు పట్టింది. ఎండల పోస్తే పోతున్నయ్, పదిహేను రోజులకు మళ్ల వస్తున్నయ్. డబ్బా మూత గట్టిగనే పెడుతున్న, ఎటు నుంచి వస్తున్నయో సమజైతలేదు. బోరిక్ పౌడర్ కలుపుమని పక్కింటామె అన్నది, కలపాల్నా?
– నల్గొండ నుంచి మరో చెల్లెలు

జవాబు: ఎటు నుంచీ రావట్లేదు తల్లీ, లోపలే ఉన్నాయి. ఆడపురుగు బియ్యపుగింజకి చిన్న బెజ్జం పెట్టి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది, పిల్లపురుగు ఆ గింజ తింటూ అందులోనే పెరిగి దాదాపు నెలకి పెద్దదై బయటికొస్తుంది. ఎండలో పోస్తే పారిపోయేవి పెద్దవే, గింజలో ఉన్నవి నీతోపాటే మళ్ళీ డబ్బాలోకి వస్తాయి. పైగా గట్టి ఎండకి బియ్యం విరిగి నూకలవుతుంది. ఫ్రిజ్‌లో చోటుంటే రెండేసి కిలోలు కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులుంచు, గుడ్డుతో సహా పోతాయి. పాత బియ్యం అడుగున ఉండగానే పైన కొత్తవి పొయ్యకు, డబ్బా ఖాళీ చేసి తుడిచి ఆరబెట్టాకే పొయ్యి. వేపాకు బాగా ఎండింది వేస్తే కొత్తవి రాకుండా కొంత ఆపుతుంది గానీ ఉన్నవాటిని చంపదు. పచ్చాకు వేశావో ఆ తేమకే బూజు పడుతుంది.

బోరిక్ పౌడర్ వద్దు, అది తినేది కాదు, పక్కింటావిడ ఏమన్నా అనుకోనీ. ఇంకో మాట, గోడౌన్లలో వాడే మందు మాత్రలు కొందరు ఇంటి బియ్యంలో పెడుతున్నారు, వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, తలుపులేసి పడుకున్న ఇంట్లో మనుషులే పోతారు. ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోవద్దు. వచ్చే వేసవిలో కందిపప్పు కొన్నప్పుడు మాత్రం కిలోకి చిన్న చెంచా ఆముదం పట్టించి దాచుకో, మన పెద్దవాళ్ళు చేసిందే.

ప్రశ్న: నెలనెలా స్ప్రే కొడుతున్నా వంటింట్లో చిన్న బొద్దింకలు తగ్గట్లేదండీ, జెల్ కూడా పెట్టాను, పని చెయ్యలేదు.
– కూకట్‌పల్లి నుంచి ఓ పాఠకుడు

జవాబు: రెండూ ఒకేచోట వాడారు, అదీ తప్పు. స్ప్రే వాసనున్న చోట బొద్దింక జెల్‌ని ముట్టదు. స్ప్రే ఆపేసి ఆ చోట్లు సబ్బునీళ్ళతో తుడిచి, బియ్యపుగింజంత చుక్కలు కబోర్డు బందుల దగ్గర, సింకు కింద, ఫ్రిజ్ మోటారు వెనక పెట్టండి. ఆడది ముప్ఫై నలభై గుడ్లున్న సంచిని తోకకి తగిలించుకునే తిరుగుతుంది, ఆ గుడ్లకి స్ప్రే ఎక్కదు, కాబట్టి నెల తర్వాత జెల్ మళ్ళీ పెట్టాలి. రాత్రి పడుకునే ముందు సింకు పొడిగా తుడవండి, తిండి లేకపోయినా బతుకుతాయి గానీ నీళ్ళు లేకపోతే ఎక్కువ రోజులుండలేవు.

ఎలుకల మీద రాసినవాళ్ళకి కోతలయ్యాక వివరంగా రాస్తాను, అవి ఇళ్ళ మీద పడేది అప్పుడే. ఈలోపు ఏసీ పైపు చుట్టూ ఉన్న సందు సిమెంటుతో మూసెయ్యండి, పెన్సిల్ దూరే బెజ్జం చాలు చిట్టెలుకకి.

ప్రశ్న: మా పెరట్లో ఎర్రగా మఖమల్ గుడ్డలా ఉన్న పురుగులు తిరుగుతున్నాయి. పిల్లలు ముట్టుకుంటున్నారు, మందు కొట్టమంటారా?
– అనంతపురం నుంచి ఓ పాఠకురాలు

జవాబు: అయ్యో, వద్దండీ! అవి ఆరుద్ర పురుగులు, తొలకరికి నాలుగు రోజులు కనిపించి పోతాయి. కుట్టవు, ఇంట్లో సామాను జోలికి రావు. పైగా వాటి తిండిలో చెదపురుగులు కూడా ఉన్నాయి, తణుకు అమ్మాయికి ఓ నాలుగు పంపిద్దామన్నా అంతదూరం నడవలేవు పాపం.