బాండ్ పేపర్ మీద సంతకం పెట్టాక యాక్సిడెంట్ కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా కట్టంగూర్ మండలంలో ఒక ఊరు. మా ఆయన తాపీ మేస్త్రీ, 34 ఏళ్లు. నాలుగున్నర నెలల కింద నకిరేకల్‌లో పని ముగించుకొని, తోటి మేస్త్రీని వెనక కూర్చోబెట్టుకొని బైక్ మీద వస్తుంటే హైవే మీద రాంగ్ రూట్లో వచ్చిన డీసీఎం వ్యాన్ గుద్దింది. వెనకున్నాయన గీతలతో బయటపడ్డాడు. మా ఆయనకు కుడి తొడ ఎముక, మోకాలి దగ్గర ఎముక విరిగాయి. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు డీసీఎం ఓనర్ మనిషి వెంటే ఉండి ‘బండి స్కిడ్ అయి పడ్డాడు’ అని రాయించాడు. ఖర్చంతా మాదే అన్నారు, వారం తిరిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశారు. ఇరవై రోజులకు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ అయింది. అప్పుడు పెద్దమనుషులను కూర్చోబెట్టి 60 వేలు ఇచ్చి, ‘ఇక ఏ కేసూ వేయం’ అని బాండ్ పేపర్ మీద మా ఇద్దరి సంతకాలు తీసుకున్నారు. ఆయన ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు, గొంతుక్కూర్చోలేడు. ఆయనకు లైసెన్స్ లేదు, ఆ రోజు హెల్మెట్ కూడా లేదు. డీసీఎం వాళ్లది విజయవాడ. ఇప్పుడు కేసు వేస్తే నిలుస్తుందా? ఎంత వస్తుంది? ఒకాయన అంతా తనే చూసుకుంటానని, వచ్చినదాంట్లో 30 శాతం ఇమ్మంటున్నాడు.

జవాబు: వేయొచ్చు. కానీ వెంటనే వేయాలి. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

యాక్సిడెంట్ కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చని ఊళ్లో పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. ఒకప్పుడు అది నిజమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు, పరిహారానికి సంబంధించిన ఆ మార్పులు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో, అంటే యాక్సిడెంట్ పరిహారం దావాలు విచారించే కోర్టులో, పిటిషన్ పడాలి. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు ముందు ఉంది. అది తేలేలోగా ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చింది. దాన్ని నమ్ముకొని మాత్రం కూర్చోకండి. మీకింకా నెలన్నర టైం ఉంది. కాగితాలన్నీ దొరకలేదని ఆగొద్దు, ఉన్నవాటితో పిటిషన్ వేసి మిగతావి తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

ఎఫ్‌ఐఆర్ అయిన ప్రమాదాల్లో పోలీసులే వివరాలన్నీ కలిపి ట్రిబ్యునల్‌కు రిపోర్ట్ పంపాలని, దాన్నే దావాగా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. మీ విషయంలో ఆ రిపోర్ట్ వెళ్లిందో లేదో స్టేషన్‌లో అడగండి. వెళ్లిందన్నా సరే, మీ పిటిషన్ మీరు వేసుకోండి.

ఇక బాండ్ పేపర్. మిమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది అదే అనుకుంటాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్న బండి అయితే పరిహారం కట్టాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ రాజీలో కంపెనీ లేనే లేదు. కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఓనర్ ఎవరికీ డబ్బు ఇవ్వకూడదని, ఇస్తానని మాట కూడా ఇవ్వకూడదని సాధారణ మోటారు పాలసీ షరతుల్లోనే ఉంటుంది. అంటే ఆ పంచాయితీ ఓనర్ తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. కంపెనీ లాయర్ ఆ కాగితాన్ని ట్రిబ్యునల్‌లో తప్పకుండా చూపిస్తాడు. నా అంచనాలో, తొడ ఎముక విరిగిన మనిషికి, ఇంకా మంచం మీద ఉండగా 60 వేలిచ్చి రాయించుకున్న కాగితం ఒక్కటి చూసి ఏ ట్రిబ్యునల్ దావా కొట్టేయదు. అందిన డబ్బును వచ్చే పరిహారంలో తగ్గించవచ్చు, అంతే. అయితే ఆ 60 వేల సంగతి పిటిషన్‌లో మీరే ముందుగా రాయండి. దాచిపెడితే, రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది బయటపడినప్పుడు మీరు చెప్పిన మిగతా నిజాల మీద కూడా అనుమానం పడుతుంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. డ్రైవర్ మీద పెట్టిన క్రిమినల్ కేసు వేరు, పరిహారం దావా వేరు. క్రిమినల్ కేసులో రాజీ పడమని మళ్లీ పెద్దమనుషులు వస్తారు. మీ ఆయన చేత ‘ఏ బండి గుద్దిందో నాకు తెలియదు, చీకట్లో చూడలేదు’ అని కోర్టులో చెప్పిస్తారు. అలా చెప్పారో, ఆ వాంగ్మూలం కాపీ మరుసటి వాయిదాకే ఇన్సూరెన్స్ ఫైల్లో ఉంటుంది. డ్రైవర్ మీద జాలి ఉంటే ఉండనివ్వండి. గుద్దిన బండి నంబర్ మాత్రం ఎక్కడా మార్చి చెప్పొద్దు.

నిజం చెప్పాలంటే నాకు బాండ్ పేపర్ కంటే ఆసుపత్రిలో రాయించిన ఆ ‘స్కిడ్’ మాటే ఎక్కువ బెంగ. కేసు షీట్‌లో మొదటి రోజు ఏం రాశారో దాని మీదే కంపెనీలు పోరాడతాయి. దాన్ని ఇప్పుడు దిద్దలేరు, దిద్దించే ప్రయత్నం అసలు చేయొద్దు. దానికి ఎదురుగా నిలిచే సాక్ష్యం తేవాలి. వెనక కూర్చున్న మేస్త్రీ ప్రత్యక్ష సాక్షి, ఆయన వాంగ్మూలం పోలీసులు రికార్డు చేశారో లేదో చూడండి. 108 అంబులెన్స్‌లో తీసుకెళ్లి ఉంటే వాళ్ల రికార్డులో చోటు, సమయం, ఏం జరిగిందని ఫోన్ చేశారన్నది ఉండాలి. స్టేషన్ నుంచి పంచనామా, ప్రమాదం జరిగిన చోటు గీసిన రఫ్ స్కెచ్, డీసీఎం ముందు భాగం ఎక్కడ దెబ్బతిందో రాసిన ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్ట్, చార్జిషీట్ పడి ఉంటే అదీ తీసుకోండి. బైక్ ఇంకా బాగు చేయించకపోతే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. స్కిడ్ అయి పడ్డ బండికీ, ఎదురుగా గుద్దించుకున్న బండికీ డ్యామేజీ ఒకేలా ఉండదు. ఓనర్ మీకు 60 వేలు ఇచ్చాడన్న ఆ బాండ్ పేపర్ కూడా ఇక్కడ మీకే పనికొస్తుంది. తన బండి గుద్దకపోతే ఊరికే ఎవరిస్తారు? కాపీ మీ దగ్గర లేకపోతే పెద్దమనుషుల దగ్గర ఫొటో తీసుకోండి.

ఫిర్యాదు ఇరవై రోజులు ఆలస్యమైందని దిగులు వద్దు. మనిషి ప్రాణాల మీద ఉన్నప్పుడు ఇంటివాళ్లు ముందు ఆసుపత్రికే పరిగెత్తుతారని, ఒక్క ఆలస్యం వల్లే దావా పోదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఈ కేసుల్లో సాక్ష్యాన్ని కూడా క్రిమినల్ కేసులో లాగా ‘సందేహానికి తావు లేకుండా’ నిరూపించనక్కర్లేదు. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నదే చూస్తారు.

లైసెన్స్ లేకపోవడం తప్పే, దానికి వేరే జరిమానా ఉంటుంది. కానీ రాంగ్ రూట్లో వచ్చి గుద్దినవాడి తప్పు దానివల్ల మాఫీ కాదు. దెబ్బ తిన్నవాడికి లైసెన్స్ లేదన్న ఒక్క కారణంతో ప్రమాదంలో అతని వాటా ఉందని అనలేమని సుధీర్ కుమార్ రాణా కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. హెల్మెట్ సంగతీ అంతే. దెబ్బ తగిలింది కాలికి, హెల్మెట్ ఉన్నా ఆ తొడ విరిగేదే. పైగా ట్రాఫిక్‌కు ఎదురు నడపడాన్ని 2019 సవరణలో ప్రమాదకర డ్రైవింగ్ కింద పేరు పెట్టి మరీ చేర్చారు. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా యూటర్న్ దూరమని మన బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు కూడా అదే పని చేస్తుంటాయి. అందుకే మీ ఆయన బండి ఏ వైపు ఉందో రఫ్ స్కెచ్‌లో సరిగ్గా పడిందో లేదో చూసుకోమంటున్నాను.

ఇక ఎంత వస్తుందన్నది. మీలాంటి కేసుల్లో నష్టం జరిగేది ఇక్కడే. ‘కాలికి 30 శాతం వైకల్యం’ అని సర్టిఫికెట్ తెచ్చి, ఫైల్లో పెట్టి, ఇక డబ్బు వస్తుందని కూర్చుంటారు. ట్రిబ్యునల్ అడిగేది అది కాదు. ఆ కాలితో ఈ మనిషి తన పని ఎంత చేయగలడు, ఎంత సంపాదన పోయింది అని అడుగుతుంది. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది: ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే, అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం పోకపోవచ్చు. మేస్త్రీ పని ఏమిటో మీకు నేను చెప్పాలా? పరంజా ఎక్కాలి, గొంతుక్కూర్చొని ఫ్లోరింగ్ చేయాలి, రోజంతా నిలబడి ప్లాస్టరింగ్ చేయాలి. మోకాలు వంగని మనిషికి ఈ మూడూ పోయాయి.

లెక్క చూడండి. సంపాదనకు గట్టి రుజువు లేదనుకొని నెలకు 15 వేలు అనే పెడదాం. 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి, ఇది 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు. 21 వేలు అయింది. ఏడాదికి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వారికి 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం 16తో గుణించాలి. 40,32,000. సంపాదన శక్తి 25 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మితే 10,08,000 వస్తుంది. 40 శాతం పోయిందని నమ్మితే 16,12,800. కాలు అదే, ప్రమాదం అదే, తేడా మాత్రం ఆరు లక్షల పైన. ఆ తేడా అంతా మీరు తెచ్చే సాక్ష్యంలో ఉంది.

కాబట్టి ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్‌ను కలవండి. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టిదైంది, బరువులు ఎత్తగలడా, నిచ్చెన ఎక్కగలడా, రాడ్ తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలా, దానికి ఎంతవుతుంది అన్నవి రాసివ్వమని అడగండి. ఆ డాక్టరే ట్రిబ్యునల్‌కు వచ్చి చెబితే ఇంకా బలం. పెన్షన్ కోసం తీసుకునే వైకల్య సర్టిఫికెట్ దాఖలు చేయండి గానీ దాని మీదే ఆధారపడొద్దు. అందులో కాలికి వేసిన శాతాన్ని ట్రిబ్యునల్ మొత్తం శరీరానికి లెక్కగట్టేటప్పుడు తగ్గిస్తుంది. అలా తగ్గకుండా ఆపేది డాక్టర్ చెప్పే మాట, పని తెలిసినవాళ్ల మాట.

సంపాదనకు జీతం స్లిప్ లేదు కదా అంటారు. మేస్త్రీలకు ఎవరికుంటుంది? లేబర్ కార్డు ఉంటే అది ఆయన భవన నిర్మాణ కార్మికుడని చెబుతుంది, అలాగే లేబర్ ఆఫీసులో సంక్షేమ బోర్డు సాయం గురించి కూడా అడగండి. పని ఇచ్చిన కాంట్రాక్టర్ వచ్చి రోజు కూలి ఎంతో చెప్పాలి. కూలి ఫోన్‌పేలో వేసి ఉంటే ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ చాలా గట్టి కాగితం. ఆయన ఫోన్‌లో తను కట్టిన ఇళ్ల ఫొటోలు ఉంటే అవి కూడా పారేయకండి.

దీనికి తోడు మంచాన ఉన్న నెలల కూలి, మందుల బిల్లులు, ఆసుపత్రికి తిరిగిన బండి కిరాయిలు, మనిషి తోడుగా ఉన్నందుకు (అది మీరే అయినా సరే), నొప్పికి, రేపటి ఆపరేషన్‌కు వేరుగా అడగాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయితే ఆ బిల్లు రాదు, ఎందుకంటే మీరు కట్టలేదు. మిగతావన్నీ వస్తాయి. పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా అడగాలి.

తప్పు ఎవరిదన్నది తేల్చనక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షన్ 164 ఒకటి ఉంది. త్వరగా వస్తుందని ఎవరైనా దానికి ఒప్పుకోమంటే తొందరపడొద్దు. కంపెనీతో సెటిల్మెంట్ చేసుకొని ఆ డబ్బు తీసుకుంటే 166 కింద వేసిన పెద్ద దావా రద్దయిపోతుంది. లోక్ అదాలత్‌లో కూడా అవార్డు అయ్యాక అప్పీల్ ఉండదు. మంచి మొత్తం ఇస్తే అక్కడ ఒప్పుకోవడంలో తప్పులేదు, కానీ డాక్టర్ సాక్ష్యం రాకముందే కంపెనీ వాళ్లు చెప్పే అంకె మీద సంతకం పెట్టొద్దు.

కేసు కోసం విజయవాడ పోనక్కర్లేదు. మీరు ఉండే చోటే వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది, ప్రమాదం కూడా ఇక్కడే జరిగింది. నల్గొండ జిల్లా కోర్టే దీనికి ట్రిబ్యునల్. డీసీఎం నంబర్‌ను వాహనాల వివరాలు చూపే ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో, ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. వాళ్ల డ్రైవర్‌కు సరైన లైసెన్స్ లేదని తేలినా, మామూలుగా కంపెనీ ముందు మీకు కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమనే ట్రిబ్యునల్ అంటుంది. అసలు ఇన్సూరెన్సే లేకపోతే మాత్రం ఓనర్ ఆస్తి మీద పడాలి, అది కష్టమైన దారి. అందుకే ఆ ఒక్కటి ఈ రోజే చూసుకోండి.

30 శాతం అడిగే ఆయన గురించి. వచ్చే డబ్బులో వాటా అనే ఒప్పందం లాయర్లకే నిషిద్ధం, బార్ కౌన్సిల్ నియమం. లాయర్ కాని మనిషికి అసలు ఏ హక్కుంది? నల్గొండ కోర్టు ఆవరణ చుట్టూ ఇలాంటివాళ్లు తిరగడం మా వృత్తికి సిగ్గుచేటు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో వేయాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఆదేశించింది. మీ ఆయన పేరు మీదున్న ఖాతా పాస్‌బుక్ కాపీ పిటిషన్‌తోనే పెట్టండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకెళ్లండి.