వీధిలో తెలియని మనుషుల్ని సహజంగా ఫొటో తీయడం ఎలా?

రోడ్డు మీద కెమెరా ఎత్తితే చేతులు వణుకుతున్నాయి, జనమేమో ముఖం తిప్పుకుంటున్నారు లేదా పోజు పెడుతున్నారు, దూరం నుంచి జూమ్ లెన్స్‌తో తీయనా అని అడిగారు. నాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి బజార్లలో చాలా ఏళ్లుగా తీస్తున్నాను. నా సలహా అయితే జూమ్ వద్దు. చాటు నుంచి తీసిన ఫొటోలో ఆ చాటుతనం కనిపించిపోతుంది.

35 ఎంఎం లెన్స్ చాలు. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టి, ఫోకస్‌ని మూడు మీటర్ల దగ్గర ఆపేయండి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) కెమెరాలో సుమారు రెండు నుంచి ఏడు మీటర్ల దాకా స్పష్టంగా పడుతుంది. షటర్ వేగం 1/250 సెకనుకి తగ్గకుండా చూసుకుని, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేస్తే ఇక ఫోకస్ టెన్షన్ ఉండదు. పేరున్న ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మీద మెరిసే చోట్ల నల్ల టేపు అంటించేవాడు. కెమెరా ఎంత మామూలుగా కనిపిస్తే అంత మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం ఒకచోట కుదురుగా ఉండటం. అక్కడే టీ తాగుతూ కూర్చున్నవాణ్ణి జనం కాసేపటికి మర్చిపోతారు. ఇక్కడి చేపల బజారులో ఒక పెద్దావిడ, "ఏటి బాబూ, నన్నేటి తీస్తావు, చేపల్ని తియ్యి" అంది. "రెండూ పడతాయి మామ్మా" అన్నాను. నవ్వేసి బేరంలో పడిపోయింది. కాసేపటికి తడిసిన పది రూపాయల నోటు పళ్ల మధ్య కరిచి పట్టుకుని, రెండు చేతులతో తక్కెడ ఎత్తింది. అప్పుడు నొక్కాను. నేనున్నానని ఆవిడకి తెలుసు, పట్టించుకోవడం మానేసింది, అంతే. నాకు కావలసింది ఆ క్షణమే.

ఇక్కడ రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో (అమ్మవారి జాతర) పులివేషాలవాళ్లు కెమెరా చూడగానే పోజిస్తారు. అది తీసుకున్నాక వెళ్లిపోకండి. రంగు చెదరకుండా మెడ చాచి ఎవరిచేతో టీ తాగించుకునే వేషగాడు పక్క సందులోనే దొరుకుతాడు. దగ్గర్లోని సముద్రతీరం గోపాల్‌పూర్ జాలర్లలో చాలామంది తెలుగే మాట్లాడతారు, ముందు పలకరించండి. అయితే అటువైపు సైన్యం స్థలాలున్నాయి, వాటివైపు కెమెరా తిప్పొద్దు.

బహిరంగ స్థలంలో ఫొటోకి ముందస్తు అనుమతి కావాలని సాధారణంగా చట్టంలో లేదు. కానీ ఎవరూ చూడరనుకుని ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లని తీయడం 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. చెరువుగట్టున స్నానాలు చేసేవాళ్లని చట్టంతో పనిలేకుండానే తీయకూడదని నా పట్టుదల. ఎవరైనా వద్దంటే వాదించకండి, వాళ్ల ముందే డిలీట్ చేయండి.

మీ భయం సంగతికొస్తే, రోజూ వెళ్లే టీకొట్టు దగ్గరే మొదలుపెట్టండి. బాగా వచ్చినవి చిన్న ప్రింట్లు తీయించి వాళ్లకే ఇవ్వండి. మళ్లీ వెళ్లినప్పుడు కూర్చోమని వాళ్లే బల్ల చూపిస్తారు.